కనికరము అనే పేరు గల కుర్చీ



కుర్చీ అనగానే మనవారికి ముందుగా గుర్తొచ్చేది అధికారం. "ఫలానా ఆయనకు కుర్చీ దక్కింది", "ఫలానా ఆయన కుర్చీ పోయింది" అని చెప్పుకుంటాము గాని, ఆ కుర్చీలో ఎవరి నడుము సేదదీరిందని అడగము. పాత వస్తువుల గురించిన పుస్తకాలు దొరికితే మేము ఇష్టంగా చదువుతాము. వాటిలో మూడు రకాల కుర్చీలు మా మనస్సులో నిలిచిపోయాయి. ఒకటి నలుగురు చూడడానికి చేసినది. ఒకటి పనికి చేసినది. ఒకటి కనికరంతో చేసినది.

మొదటిది మన విశాఖపట్నానిదే. 18వ శతాబ్దంలో అక్కడి పనివారు ఇంగ్లీషు దొరల కోసం కుర్చీలు, పెట్టెలు, బల్లలు చేసేవారు. ఆకారం ఇంగ్లండుది, చేతిపని మనది. చేవగల కర్రమీద ఏనుగు దంతపు రేకులు అతికించి, వాటిమీద సన్నని పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. 1773 నుండి 1775 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇటువంటి దంతపు కుర్చీలు ఉండేవి. 1781లో ఆయన సామాను వేలం వేసినప్పుడు మూడవ జార్జి రాజు వాటిని రాణి షార్లెట్ కోసం కొన్నాడు. మనవారి పనితనం రాజభవనానికి చేరినందుకు సంతోషమే. అయితే అలసి వచ్చిన మనిషి అటువంటి కుర్చీలో కూర్చోవడానికి జంకుతాడు.

రెండవది అమెరికాలో షేకర్లు అనే క్రైస్తవ తెగవారు చేసిన కుర్చీ. ఆన్ లీ అనే స్త్రీ వెంట వీరు 1774లో ఇంగ్లండు నుండి అక్కడికి వెళ్లారు. వారి బోధలో మనము అంగీకరించలేనివి ఉన్నాయి గాని, వారి పని చూసి నేర్చుకోవలసినవీ ఉన్నాయి. వారి కుర్చీకి నగిషీ ఉండదు. వెనుక నిచ్చెన మెట్లవలె అడ్డపట్టీలు, కూర్చునేచోట గుడ్డపట్టీల అల్లిక, అంతే. ఒంటిచేత్తో ఎత్తగలిగేటంత తేలిక. గోడ పొడుగునా కొయ్య మేకులుండేవి. ఊడ్చేటప్పుడు కుర్చీలను వాటికి తగిలించేవారు. న్యూ లెబనానులో అమ్మకానికి చేసిన కుర్చీలకు 0 నుండి 7 వరకు నెంబర్లుండేవి. 0 నెంబరు పసిపిల్లలది. పిల్లవాని కాళ్లు నేలకు ఆనాలని కూడా వారు ఆలోచించారు.

మూడవదాన్ని కుర్చీ అనవచ్చునో లేదో మీరే చెప్పండి. మధ్యయుగాలలో ఐరోపా మఠాలలోని సన్యాసులు పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ఆరాధనకు చేరేవారు. ఆ ఆరాధనలో ఎక్కువ భాగం నిలబడే ఉండాలి. పడుచువారికి ఫరవాలేదు. వృద్ధుల మోకాళ్ల మాటేమిటి? వడ్రంగులు దానికొక ఉపాయం చేశారు. కూర్చునే పలకకు మడతబందులు వేసి, దాని అడుగుభాగాన చిన్న చెక్కదిమ్మ ఉంచారు. పలక దించితే పీట. పైకి ఎత్తితే ఆ దిమ్మ నడుము కిందికి వస్తుంది. సన్యాసి దానికి ఆనుకుంటాడు. చూచేవారికి నిలబడినట్టే ఉంటుంది గాని, శరీరపు బరువు కొంత చెక్క మోస్తుంది. దానికి లాటిన్ భాషలో పెట్టిన పేరు మిసెరికోర్డియా. అంటే కనికరము.

నిర్గమకాండములోని కరుణాపీఠము వేరు. అది మందసపు మూత, దానిమీద ఎవరూ కూర్చోరు. అయినా ఈ చెక్క పేరు చదవగానే మాకు ఆ మాటే గుర్తొచ్చింది.

ఆ దిమ్మల కింద చెక్కిన బొమ్మలు చాలావరకు మామూలు లోకానివి. ఇంగ్లండులోని ఎక్సెటర్ దేవాలయంలో 13వ శతాబ్దపు చెక్కమీద ఒక ఏనుగు ఉన్నది. లడ్లో పట్టణపు దేవాలయంలో, కొలతలో మోసం చేసిన సారాయి దుకాణపు స్త్రీని దయ్యం నరకానికి మోసుకుపోతున్నది. ఆమె చేతిలో ఆ కొలతకూజా అలాగే ఉన్నది! పలక దించితే ఈ బొమ్మలేవీ కనబడవు. కనబడనిచోట కూడా వడ్రంగి అంత శ్రద్ధగా పనిచేశాడు.

ఆ కనికరాన్ని గమనించండి. అది నియమాన్ని మీరలేదు, నీరసించినవానిని పదిమందిలో సిగ్గుపరచలేదు.

మా సంఘంలో అందరూ చాపలమీదనే కూర్చుంటారు. కొన్నేళ్ల క్రితం ఒక మామ్మగారు ఆరాధనకు రావడం మానుకున్నారు. ఇంటికి వెళ్లి అడిగితే, "కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను అయ్యగారూ" అన్నారు. కుర్చీ వేయిస్తామంటే ఒప్పుకోలేదు. "అందరూ నేలమీద ఉంటే నేనొక్కదాన్నే ఎత్తున కూర్చోనా? దేవుని సన్నిధిలో నాకు పెద్దరికమా?" అన్నారు. సంఘ పెద్దలలో కూడా మాట పట్టింపు వచ్చింది. ఒకరికి వేస్తే అందరూ అడుగుతారని కొందరు, నేలమీద కూర్చోవడమే భక్తి అని కొందరు. వేదికమీద మాకు చెక్కుడు పనితో ఉన్న పెద్ద కుర్చీ ఒకటి ఎప్పటినుండో ఉన్నది. దాని గురించి ఎవరికీ అభ్యంతరం లేదు!

చివరకు సంఘంలోని వడ్రంగి సహోదరుడొకరు పక్కగోడ పొడుగునా సాదా బెంచీ ఒకటి బిగించారు. అది ఎవరి పేరునా లేదు. చంటిబిడ్డల తల్లులు ముందుగా దానిమీద కూర్చున్నారు. తర్వాత కాళ్లనొప్పులవారు ఒక్కొక్కరే వచ్చి చేరారు. మూడవ ఆదివారం మామ్మగారు వచ్చి వారి మధ్య సర్దుకుని కూర్చున్నారు. ఆమెను ఎవరూ తిరిగి చూడలేదు. మాకు కావలసిందీ అదే.

సహోదరీ సహోదరులారా, మీ సంఘంలో, మీ ఇంట జరిగే కూడికలలో ఎవరైనా రావడం మానుకున్నారా? వారి భక్తి చల్లారిందని తీర్పు చెప్పకముందు, వారి మోకాళ్ల సంగతి అడగండి. ఒక బల్ల, ఒక పీట, ఆనుకోవడానికి ఒక చెక్క చాలవచ్చు.