మెయిన్ దింపారా, అయ్యగారూ?

గాలివానకు స్తంభాలు పడి మూడు రోజులు కరెంటు లేక పోయిన వారం రాయలేకపోయాం. కరెంటు సంగతి వచ్చింది కాబట్టి, చాలాకాలంగా చెప్పాలనుకుని సిగ్గుపడి దాటేస్తున్న ఒక విషయం ఈసారి చెప్పుకుంటాం.

మా సంఘంలో పెరిగిన ఒక అబ్బాయి ఐటిఐలో రెండేళ్ళు ఎలక్ట్రీషియన్ చదివి జూనియర్ లైన్‌మెన్ ఉద్యోగానికి పెట్టుకున్నాడు. దానికి స్తంభం ఎక్కి చూపించాలి, మీటరు రీడింగు తీయాలి, సైకిలు తొక్కాలి. ఊరి చివర వైర్లు లేని పాత స్తంభం ఒకటుంటే పొద్దున్నే పోయి ఎక్కి దిగేవాడు. మోకాళ్ళు గీరుకుపోయి వస్తే మా ఇంట్లోవారు పసుపు రాసి పంపేవారు. ఉద్యోగం వచ్చినప్పుడు సంఘమంతా స్తుతి కూడిక పెట్టుకున్నాం.

ఎక్కడం వచ్చేసింది కదా, ఇంకేం నేర్చుకుంటాడులే అనుకున్నాం. తీరా చూస్తే మొదటి ఆరు నెలలు వాడిని పైకే పోనివ్వలేదు. నిచ్చెన మోయడం, కింద నిలబడి తాడుకు సామాను కట్టి అందించడం, బెల్టూ గ్లోవ్సూ చిరుగులు లేకుండా చూసుకోవడం, ఇంతే పని. "బైబిలు కాలేజీలో చేరిన మొదటి ఏడాదే మా చేత ప్రసంగం చెప్పించారు, నీకు ఇంకా నిచ్చెన మోతేనా?" అని మేము ఎగతాళి కూడా చేశాం.

వాడు నవ్వి లైన్ క్లియర్ గురించి చెప్పాడు. వాళ్ళు ఎల్.సి. అంటారు. లైను మీద పని ఉంటే సబ్‌స్టేషన్‌కు చెప్పి ఫలానా మనిషి పేరు మీద ఎల్.సి. తీసుకోవాలి. అక్కడి ఆపరేటర్ సప్లై ఆపి, టైముతో సహా రిజిస్టరులో రాసుకుంటాడు. పని అయ్యాక ఎవరు తీసుకున్నారో ఆ మనిషే తిరిగి ఇవ్వాలి. "అరగంట ఆగి వేసెయ్యి" అనే మాట వాళ్ళలో పనికిరాదు. ఇంత జరిగినా లైను చచ్చిపోయిందని నమ్మడానికి లేదట. టెస్టర్ పెట్టి చూడాలి, పని చేసే చోటుకు రెండు వైపులా ఎర్తింగ్ రాడ్లు తగిలించాలి, ఆ తరువాతే చెయ్యి వేయాలి.

"ఆపాక కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది నాయనా?" అని అడిగాం.

"ఎవరింట్లోనైనా జనరేటర్ వేస్తే చాలండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటూ అటూ అని ఉండదు. ఇటు నుంచి 230 వోల్టులు ఎక్కిస్తే అటు వేలల్లో లేస్తుంది" అన్నాడు.

విన్నాం. అలాగా అన్నాం. మరిచిపోయాం.

ఆ మే నెలలోనే మా సువార్త కూటాలు. రెండో రాత్రి ఈదురుగాలికి చింతకొమ్మ విరిగి లైను మీద పడింది. ఊరంతా చీకటి. మన దగ్గర జనరేటర్ ఉంది, రెండు చివర్లా పిన్నులున్న వైరు ఒకటి ఉంది. ఒక పిన్ను జనరేటర్‌లో, ఇంకొకటి మందిరం గోడకున్న సాకెట్‌లో పెడితే లైట్లు, మైకు అన్నీ వచ్చేస్తాయి. చాలా పల్లెల్లో చేసేదే. ఆ వైరు చేయించింది మేమే. మెయిన్ దింపమని ఎవరికో చెప్పాం. ఎవరికి చెప్పామో ఈ రోజుకూ గుర్తు లేదు.

జనరేటర్ ఆ రాత్రి ఎందుకో మూలుగుతోంది. పక్కనున్న రెండిళ్ళలో కూడా బల్బులు మిణుకుమన్నాయని ఒక చెల్లెమ్మ సంతోషంగా వచ్చి చెప్పింది. చెప్పడానికి సిగ్గు గానీ, మేము స్తోత్రం అన్నాం.

ప్రార్థన మధ్యలో మైకు ఆగిపోయింది. చీకట్లో కేకలు. దేవుని కార్యం జరుగుతుంటే జనరేటర్ ఆపిందెవరని పెద్దలు లేచారు. మాకూ కోపం వచ్చింది. టార్చి వేసి చూస్తే ఈ అబ్బాయి. హెల్మెట్ తలమీదే ఉంది, రొప్పుతున్నాడు.

"అయ్యగారూ, మా సార్ ఇంకా స్తంభం మీదే ఉన్నారు. టెస్టర్ వెలిగింది."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. మెయిన్ బోర్డు దగ్గరకు పోయి హేండిల్ కిందకి దించి, ఫ్యూజు క్యారియర్లు పీకి జేబులో వేసుకుని చీకట్లోకి పరుగెత్తాడు. పైనున్న ఆయన ఇద్దరు పిల్లల తండ్రి. టెస్టర్ పెట్టకుండా చెయ్యి వేసి ఉంటే, మేము ప్రార్థిస్తూ ఉండగానే ఆ మనిషి పోయేవాడు. ఎవరూ మమ్మల్ని అడిగేవారు కూడా కాదు, గాలివాన మీదకు పోయేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె మీద పిట్టగోడ కట్టించాలి, లేకపోతే అక్కడి నుంచి పడినవాడి రక్తదోషం ఆ ఇంటి మీదకు వస్తుంది. అన్నేళ్ళ పరిచర్యలో మేము ఆ వచనం మీద ఒక్కసారీ ప్రసంగించలేదు. నేల మీద ఉన్న రేకుల మందిరానికి పిట్టగోడ ఎందుకు అనుకున్నామో ఏమో.

మర్నాడు ఆ లైన్‌మెన్ గారింటికి వెళ్ళి క్షమించమని అడిగాం. ఆయన మన విశ్వాసి కాదు. టీ ఇచ్చి, "చేంజోవర్ స్విచ్ పెట్టించండి సార్, ఇటు వేస్తే లైను, అటు వేస్తే జనరేటర్, రెండూ ఒకేసారి కలవవు" అన్నారు. ఆ ఆదివారపు కానుకతోనే పెట్టించాం. వైరును ముక్కలు చేశాం.

అబ్బాయికి మొదటి ఏడాది నిండింది. ఇప్పుడు పైకి ఎక్కుతున్నాడు. మన లైను మీద పని ఉంటే ముందుగా ఫోను చేసి, "మెయిన్ దింపారా, అయ్యగారూ?" అని అడుగుతాడు. దింపామని తెలిసినా ఫోను పెట్టకుండానే వెళ్ళి, హేండిల్ మీద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు చెబుతాం.