తాంబేలు గుడ్లు



కోస్గిలో మా సంఘానికి వచ్చే ఒక ఇంట్లో తాబేలు ఉంది. మా దిక్కు తాంబేలంటారు. ఇంటి పెద్దకొడుకు హైదరాబాదులో మేస్త్రీ పని చేసేటప్పుడు, ఏడేండ్ల కింద కొని తెచ్చాడు. అప్పుడది రూపాయి బిళ్ళంత. ఇప్పుడు జొన్నరొట్టెంత అయింది. కండ్ల వెనక ఎర్రచార ఉండే రకం, అమెరికాలోని మిసిసిపీ నది దిక్కు పుట్టిన జాతి. (మన నక్షత్ర తాబేలును గానీ, చెరువుల్లోని తాబేలును గానీ ఇంట్లో పెంచుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పిల్లలు ముద్దుపడ్డారని తెచ్చుకోకండి.)

పోయిన ఎండాకాలం తొట్టి నీళ్ళలో రెండు తెల్లని గుడ్లు కనబడ్డాయి. మగది ఎన్నడూ దాని దగ్గరికి రాలేదు. ఇక వాడకట్టంతా అదే మాట. తాబేలు చొచ్చిన ఇల్లు బాగుపడదనే సామెత ఉండనే ఉంది. అరిష్టమనీ, చెరువులో పడేయమనీ పెద్దవాళ్ళు అన్నారు. సంఘంలో ఒక పిల్లవాడు మాత్రం కూటం అయ్యాక మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మగది లేకుండ పెట్టిందంటే మరియమ్మ లెక్కనేనా?" అని అడిగాడు.

ఇలాంటిది దొరికితే ప్రసంగం అల్లేవాళ్ళు లేకపోలేదు. మేము అల్లదలుచుకోలేదు. అంగన్‌వాడీలో పిల్లలు తినే గుడ్డు ఏ పుంజునూ చూడని కోడి పెట్టిందే. గుడ్ల ఫారాల్లో పుంజులు ఉండవు. వయసు వచ్చి, మేత బాగుండి, కాలం కలిసొస్తే తాబేలు ఒంట్లోనూ అలాగే గుడ్డు తయారవుతుంది. అందులో పిల్ల ఉండదు. ఎప్పుడో మగదానితో కలిసిన ఆడ తాబేలైతే ఆ బీజాన్ని ఒంట్లో దాచుకొని, కొన్ని జాతుల్లో నాలుగేండ్ల దాకా, పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. ఇది పిల్లప్పటి నుంచీ ఒంటరిది. మరియమ్మ కన్నది బిడ్డను, ఇవి వట్టి గుడ్లు, మన విశ్వాసానికి వీటి సాక్ష్యం అక్కరలేదని చెప్పాం. పిల్లవాడు కొంచెం నిరాశపడ్డాడు.

అసలు బాధ వేరే ఉంది. ఆ ఇంటి కోడలికి పెండ్లయి తొమ్మిదేండ్లు, సంతానం లేదు. "తాంబేలన్నా పెట్టింది" అని ఎవరో ఆమె వినేటట్టే అన్నారట. మేము భార్యాభర్తలం ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆమె ఆ సంగతే ఎత్తలేదు. తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. "నాలుగు దినాలాయె అమ్మగారూ, ఏం తింటలేదు. ఎనక కాళ్ళతోని తొట్టి గీకుతుంది, ఎక్కబోయి పడుతుంది" అంది. అందరూ గుడ్ల గురించి మాట్లాడుతుంటే తాబేలును చూసింది ఆమె ఒక్కతే.

నీళ్ళలో బతికే తాబేలైనా గుడ్లు పెట్టేది నేలలోనే. వెనక కాళ్ళతో గుంత తవ్వి, పెట్టి, పూడుస్తుంది. ప్లాస్టిక్ తొట్టిలో తవ్వడానికి ఏముంది? కొన్ని నీళ్ళలో జారవిడుస్తుంది, మిగిలినవి లోపలే ఆపుకుంటుంది. అవి అలాగే నిలిచిపోతే ప్రాణం పోవచ్చు. అప్పుడు ఎక్స్‌రే తీసి కాల్షియం, ఆక్సిటోసిన్ సూదులు వేస్తారు, ఒక్కోసారి ఆపరేషన్ చేస్తారు. మేము ఫోన్ చేసిన పశువుల డాక్టరు ముందు మట్టి పెట్టి చూడమన్నాడు, రెండు దినాల్లో పెట్టకుంటే హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు.

84వ కీర్తనలో పిచ్చుకకూ వానకోవెలకూ దేవుని బలిపీఠం దగ్గర చోటు దొరికిన సంగతి ఉంది. మందిరం గురించి చెప్పేటప్పుడే దాన్ని చదువుతుంటాం. అక్కడున్నది పిల్లలు పెట్టే పక్షికి చోటు కావాలన్న సంగతి కూడా.

కోడలు ఒక పాత టబ్బులో ఇసుక, ఎర్రమట్టి కలిపి జానెడు లోతు పోసి, నీళ్ళు చల్లి తడిపింది. తాబేలును అందులో వదిలి, ఎవరూ తొంగిచూడకుండా చుట్టూ చీర కట్టింది. మొదటి రాత్రి ఏమీ లేదు. రెండో రాత్రి ఐదు గుడ్లు పెట్టింది. పొద్దున నీళ్ళలో వేయగానే మేత తిన్నది. పక్కింటామె పొదుగు కోడి కింద పెడతానంటే, పిల్లలు కావని కోడలే చెప్పింది.

చెరువులో వదలొద్దని ఇంటి పెద్దాయనకు గట్టిగా చెప్పాం. ఈ జాతి పెరిగితే మన తాబేళ్ళ తిండికీ చోటుకూ ఎసరు పెడుతుంది. యూరప్ దేశాలు 1997లోనే దీని దిగుమతి ఆపేశాయి. ఏడాదిలో మళ్ళీ పెట్టవచ్చు గనుక మట్టి తీసేయొద్దని కూడా చెప్పాం.

మొన్న పోయినప్పుడు కోడలు పుట్టింటికి పోయింది. టబ్బులో మట్టి ఎండకుండా అత్త నీళ్ళు చల్లుతోంది.