నలువదవ యేట వడ్డీలెక్క

ఏడవ తరగతితో బడి మానిన మేము, ఇరువదియెనిమిది వత్సరములకు మరల పుస్తకము చేత బట్టితిమి. మా కుమారుడు ఈ పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండగా, మేము సార్వత్రిక విద్యాపీఠమువారి పదవ తరగతిలో చేరితిమి. అందు వయస్సునకు పైహద్దు లేదు. ఇరుగుపొరుగువారు నవ్విరి, నాలుగు దినములకు వారికే విసుగు పుట్టెను.

రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు చిన్ననాడే బడి విడిచియు, కారాగారవాసానంతరము మెట్రిక్యులేషను మొదలుకొని చదివి, 1942లో న్యాయశాస్త్రపట్టము నందిరి. మాకంతటి యాశ లేదు. మాకు కావలసినది వడ్డీలెక్క.

మా వీధిలో నూటికి నెలకు రెండు రూపాయలన్న ధర్మవడ్డీయని పేరు. అది యేడాదికి 24 శాతము. 10,000 రూపాయలకు మూడేండ్లకు బారువడ్డీ 7,200. ఏటేట అసలులో కలుపుచుబోయినచో చక్రవడ్డీ 9,066. పత్రమున మొదటిది వ్రాయించి, వసూలునాడు రెండవది యడుగువారు కలరు. అట్టి పత్రమునే యొక పొరుగామె మాకడకు దెచ్చెను. మేము రెండు విధముల లెక్కగట్టి, తేడా 1,866 రూపాయలని కాగితముపై వ్రాసి యిచ్చితిమి. ఋణదాత దానిని చూచి, మారుమాటాడక బారువడ్డీయే పుచ్చుకొనెనట!

అదిమొదలు సాయంకాలము మా యరుగుపైకి ప్రోనోట్లు, పింఛను కాగితములు వచ్చుచున్నవి. గణితమున మా కుమారుడే మాకు గురువు; కోపిష్ఠి గురువు. ఆంగ్లమింకను లొంగలేదు. పరీక్షకు మూడు నెలలున్నవి. అరుగుమీది కాగితములు ముగిసిన పిమ్మటనే మా పాఠము.