పావు రేటు వేళ

పెళ్ళి శుభలేఖల్లో అడుగున, ఆహ్వానించువారి పేర్ల తర్వాత, ఒక ఫోను నంబరు, దాని పక్కన పి.పి. అని రెండు అక్షరాలు అచ్చువేసేవారు. ఆ ఫోను వాళ్ళది కాదన్నమాట. పక్కింటివాళ్ళదో, ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టుదో, మేడ మీది ప్లీడరు గారిదో అయ్యుండేది. అవతల నుంచి ఎవరో "కాస్త వాళ్ళని పిలుస్తారా అండీ" అంటే ఆ ఇంటి పిల్లవాడు చెప్పులైనా తొడుక్కోకుండా పరిగెత్తి గేటు కొట్టేవాడు, ఈలోపు రిసీవరు బల్ల మీద వెల్లకిలా పడి ఆ ఇంటి కుక్కరు కూతనీ, రేడియోలో ప్రాంతీయ వార్తల్నీ, ఎక్కడో దూరాన నిలబడ్డవాడికి వాడి డబ్బుతోనే వినిపిస్తూ ఉండేది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ ఫోను అందుకునేసరికి సగం డబ్బు అయిపోయేది. ఇరుగుపొరుగు మంచితనమని ఇప్పుడు మురిసిపోతాం గానీ, ఆ ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి ప్రతి మాటా వినేవాడు, మనింటి అప్పు సంగతీ, తప్పిపోయిన సంబంధం సంగతీ సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయేది. ఆడపిల్లకి ఫోను వస్తే మరీను.

1991లో దేశం మొత్తానికి ఉన్న ఫోన్లు 50 లక్షలు, మనుషులు 84 కోట్లు. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడడం ఎవరికీ వింతగా ఉండేది కాదు; ఓ.వై.టి. అని ముందే పెద్ద మొత్తం కడితే మరో వరస, ఎంపీ గారి కోటా కింద ఉత్తరం సంపాదించుకుంటే ఇంకో వరస. అంతకుముందైతే 180కి ఫోను చేసి ట్రంకాలు బుక్ చేసుకుని, మామూలుదా, అర్జెంటా, లైట్నింగా అని ఆపరేటరు అడిగితే, చావు కబురు కాబట్టి లైట్నింగే అని గొంతు తగ్గించి చెప్పి, ఆ పూటంతా ఫోను పక్కనే కాపలా కూర్చోవడమే. ఆ రోజులు బాగుండేవని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఎస్.టి.డి. బూతుల పసుపు బోర్డులు ఆ ట్రంకాల్ రోజుల తర్వాత వచ్చాయి. ఎనభైల్లో టెలికాం ఇంజనీరు శామ్ పిట్రోడా, ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాట్, ఏసీ గది అక్కర్లేకుండా ఎండకీ దుమ్ముకీ ఓర్చుకునే చిన్న ఎక్స్ఛేంజీలు, అందులో మొదటిది 1986లో కర్ణాటక కిత్తూరులో పెట్టడం, ఇవన్నీ చదివితే తెలిసిన సంగతులు. మా వీధికి తెలిసిందల్లా, సైకిల్ షాపు పక్క సందులాంటి గదికి ఒకనాడు రంగు వేసి, అద్దాల తలుపు బిగించి, నల్లటి అక్షరాలతో ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ. అని రాయించడం. ఆ బూతుల కేటాయింపులో వికలాంగులకీ, మాజీ సైనికులకీ, చదువుకుని ఉద్యోగం లేనివాళ్ళకీ ముందు చోటు ఇవ్వాలని నిబంధన ఉండేది. మా బస్టాండు దగ్గర బూతాయనకి పోలియో. మూడు చక్రాల బండి గుమ్మం పక్కన ఆనించి, లోపల ఎత్తు కుర్చీలో కూర్చుంటే ఆయనే ఆ గదికి యజమాని, వచ్చినవాళ్ళందరూ ఆయన ముందు నిలబడేవాళ్ళు. ఢిల్లీ కాగితాల్లో ఒక వాక్యం ఒక మనిషిని ఇంత సూటిగా కుర్చీలో కూర్చోబెట్టడం మళ్ళీ ఎక్కువసార్లు చూడలేదు.

ఆ గదిలో పొద్దున వెలిగించిన అగరొత్తి వాసన, రిసీవరుకి అంటుకున్న పదిమంది ఊపిరి వాసన, అద్దాల పెట్టెలో అరచేయంత ఫ్యాను, అది తిప్పేది గాలో ఉక్కో తెలిసేది కాదు. గోడకి కోడ్ నంబర్ల పట్టిక, గుంటూరుకి 0863, బెజవాడకి 0866, విశాఖకి 0891, వేళ్ళు పడీపడీ హైదరాబాదు 040 దగ్గర కాగితం నల్లబడి చిరిగిపోయింది. పైన చెక్క మీద మీటరు, ఎర్రటి అంకెలు. దూరం పెరిగేకొద్దీ అంకె త్వరత్వరగా మారేది, కాబట్టి మద్రాసులో ఉన్నవాళ్ళతో ఒక తీరుగా, ఢిల్లీలో ఉన్నవాళ్ళతో ఇంకా పొదుపుగా మాట్లాడేవాళ్ళం, "అంతా కులాసానా, డబ్బు అందిందా, సరే పెట్టేస్తున్నా" అని కళ్ళు మీటరు మీదే పెట్టి. పెట్టెయ్యగానే చిన్న యంత్రం కిర్రుమని అరిచి, రెండు వేళ్ళ వెడల్పు కాగితం కక్కేది. దాని మీది వంగపండు రంగు సిరా చొక్కా జేబులో నాలుగు రోజులుంటే వెలిసిపోయేది.

రాత్రి పదకొండు దాటితే పావు రేటు. ఆ ఒక్క నిబంధన ఊళ్ళ నిద్రవేళల్నే మార్చేసింది. పదిన్నర నుంచే బూతు ముందు జనం చేరేవాళ్ళు: సౌదీ నుంచి భర్త కబురు కోసం చూసే ఆవిడ, అల్లుడికి ఫోను చెయ్యాల్సిన ముసలాయన, పై ఊళ్ళో ఉన్న పిల్లకి ఫోను చేస్తూ, ఆమె తప్ప ఇంకెవరూ ఎత్తకుండా ఉంటే బాగుండునని దణ్ణం పెట్టుకునే కుర్రాడు. గోడ గడియారం పదకొండు కొట్టీ కొట్టగానే అందరూ ఒక్కసారే తిప్పడంతో లైన్లు కిక్కిరిసి, "ఈ మార్గంలోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయి" అని ఆ ఆడగొంతు మూడు భాషల్లో చెప్పేది. వరసలో నిలబడ్డవాళ్ళు ఒకరి ఇంటి సంగతులు ఒకరికి తెలియనట్టు నటించేవాళ్ళు. అదొక మర్యాద, కొంత నటనే అయినా.

ఆ తర్వాతి గొడవ ఇంటర్నెట్టు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వాళ్ళు నాలుగు మహానగరాల్లో మొదలుపెడితే, 1998 నవంబరులో ప్రైవేటువాళ్ళకి తలుపులు తెరిస్తే, మన ఊళ్ళకి అది నెట్ సెంటరు రూపంలో దిగింది. చెక్క అరలు, గిర్రున తిరిగే కుర్చీ, బంకతో బిగిసిపోయిన కీబోర్డు మీటలు, 172233 కొడితే ఫోనులైను పెట్టే ఆ పొడుగాటి కీచుమూలుగు. ఎంసెట్ ఫలితాలొచ్చిన మధ్యాహ్నం ఒక్కో తెర వెనక పదిమంది తండ్రులు, హాల్ టికెట్ నంబరు చేతి మీద రాసుకుని. అమెరికా పంపిన కొడుకుతో హెడ్‌ఫోను పెట్టుకుని తల్లులు గట్టిగా అరుస్తూ మాట్లాడేవాళ్ళు. నెట్టు మీద ఫోను మాటలు 2002 ఏప్రిల్ దాకా చట్టప్రకారం నిషేధమేనని వాళ్ళకి తెలియదు, తెలిసినా ఆగేవాళ్ళు కాదు. 2011లో ఆ చెక్క అరలు నాలుగున్నర అడుగుల ఎత్తు మించరాదనీ, వచ్చినవాడి గుర్తింపు కార్డు చూడాలనీ, రిజిస్టరు ఏడాది దాచాలనీ నిబంధన తెచ్చారు. అప్పటికే సగం సెంటర్లు జెరాక్సు షాపులుగా మారాయి.

ఈలోగా సెల్‌ఫోన్లు వచ్చాయి; 2003 మేలో వాటికి ఇన్‌కమింగ్ ఉచితమైంది, దాంతో మిస్డ్ కాల్ ఒక భాషే అయి కూర్చుంది: ఒక్క రింగు ఇస్తే దిగాను, రెండిస్తే బయలుదేరు. పండగ రోజున మెసేజి ప్యాకు పనిచెయ్యదని ముందురోజు రాత్రే సంక్రాంతి శుభాకాంక్షలు పంపేసేవాళ్ళం. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఈ లెక్కలన్నీ ఒక్క ఊపుకి కొట్టుకుపోయాయి. పోవలసినవే. మనవరాలి ముఖం రోజూ చూస్తున్న తల్లికి పావు రేటు వేళ గురించి చెప్పి కన్నీళ్ళు పెట్టమనడం అన్యాయం.

కానీ ఒకటి మాత్రం పోయింది, దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, దానంతటదే పోయింది. 1994 జాతీయ టెలికాం విధానం పట్టణాల్లో 500 మందికి ఒక పబ్లిక్ ఫోను ఉండాలని, 1997కల్లా పల్లెలన్నిటికీ ఫోను చేరాలని రాసుకుంది. గడువులు తప్పాయి, అది వేరే సంగతి. ఫోను అందరి జేబుల్లోకీ వచ్చాక, ఫోను లేనివాడి కోసం వీధిలో ఒకటి ఉండాలన్న ఆలోచనే ఊడిపోయింది. ఇప్పుడు జేబు కత్తిరింపబడినవాడు బస్టాండులో నిలబడి ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. ఓటీపీ రాని ముసలమ్మ మీసేవ మెట్ల మీద మనవడి కోసం చూడాలి. అప్పుడు రూపాయి బిళ్ళ ఉంటే చాలేది, పేరు కూడా అడిగేవాళ్ళు కాదు.

2020 డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి అని ఒక పథకానికి ఒప్పుకుంది. పాత పి.సి.ఓ. పద్ధతిలోనే కిరాణా కొట్టువాడైనా టీ బంకువాడైనా పబ్లిక్ డేటా ఆఫీసు అని బోర్డు పెట్టి చిల్లరగా నెట్ అమ్ముకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు, ఫీజూ లేదు. కాగితం మీద మంచి ఏర్పాటే. మా బస్టాండులో ఆ బోర్డు ఇంకా ఎవరూ కట్టలేదు. కట్టేవాళ్ళుంటే, పక్కన నలుగురూ వాడుకునేలా ఒక మామూలు ఫోను కూడా పెట్టించండి.