సరంబీ వేసేముందు

హగ్గయి గ్రంథం మొదటి అధ్యాయంలో “సరంబీ” అనే మాటను మీరు చదివే ఉంటారు. దాని అర్థమేమిటని సంఘంలో అడిగితే చాలామంది పక్కవారి ముఖం చూస్తారు. ఇంటి కప్పుకు లోపలివైపు పలకలు పరచి మూయడమే సరంబీ. ఈనాటి మాటలో ఫాల్స్ సీలింగ్. ప్రవక్త కాలంలో అది కలిగినవారి ఇళ్లకే ఉండేది. ఇప్పుడు మా పల్లెల్లో పాత పెంకుటిళ్లకు కూడా వచ్చేసింది.

తిరుపతి నుండి చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరుకు, అక్కడినుండి మొగిలి ఘాటెక్కి పలమనేరుకు గృహదర్శనాల కోసం వెళ్తున్నప్పుడు నా చూపు ఇళ్ల కప్పుల మీదికే పోతుంది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది గాని కప్పులకు జిల్లా హద్దులు తెలియవు. తిరుపతి పాత వీధుల్లో టేకు దూలాల మీద సన్నని ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టిన మద్రాసు మిద్దెలు అక్కడక్కడా మిగిలాయి. పల్లెల్లో కుమ్మరివారు చేసిన నాటు పెంకులు. కాస్త కలిగినవారి ఇళ్లకు, పాత బడులకు, పాత ఆలయాలకు మంగుళూరు పెంకులు.

ఈ మంగుళూరు పెంకు కథ మన కుటుంబాలు తెలుసుకోదగినది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులోని జెప్పు అనే చోట పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. జార్జ్ ప్లెబ్స్ట్ అనే మిషనరీ దానికి ఆద్యుడు. బాప్తిస్మం పొందినందుకు కులం వెలివేయగా పని, కూడు రెండూ పోయినవారికి బ్రతుకుతెరువు చూపడం ఆ పనిలోని ముఖ్యోద్దేశం. ఒక పెంకు గాడిలో మరో పెంకు అంచు కూర్చునే పద్ధతిని మాత్రం ఫ్రాన్సులోని ఆల్సేసు ప్రాంతానికి చెందిన గిలార్డోనీ సోదరులు 1841లోనే రూపొందించారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు మిషన్ చేతిలోనుండి పోయాయి. మీ ఇంటి పెంకు అడుగున బాసెల్ మిషన్ పేరు, 1865 అనే అంకె కనిపిస్తే మురిసిపోయి అంత పాతదని చెప్పకండి. అది ఫ్యాక్టరీ పుట్టిన సంవత్సరం, పెంకు పుట్టినది కాదు.

పలమనేరుకు దగ్గర ఒక ఊరిలో అలాంటి పెంకుటింట్లో ప్రార్థన ముగిసిన తర్వాత ఆ ఇంటి తల్లి నాతో అన్నది: “అయ్యగారూ, వచ్చే నెల పిల్లను చూసేదానికి వస్తా ఉండారు. తలెత్తితే పొగ, బూజు. అప్పు చేసైనా తెల్ల సీలింగ్ కొట్టిద్దామని ఉండాము.”

తలెత్తి చూశాను. ఆమె చెప్పింది నిజమే. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పట్టి పెంకులు, వాసాలు ఒకే నలుపు. సీలింగ్ కొట్టేవాడు అప్పటికే కొలతలు తీసుకున్నాడు. ఆ చట్రాన్ని పాత వాసాలకే మేకులతో బిగిస్తానన్నాడట. “అమ్మా, మూసేముందు ఒకసారి విప్పి చూద్దాం” అన్నాను. ఆమె భర్త నిచ్చెన వేసి చూరు దగ్గర నాలుగు పెంకులు తీశాడు. వాసం చివర వేలితో నొక్కితే పిండిలాగా రాలింది. చెదలు. అలాంటివి ఐదు వాసాలు తేలాయి. ఆ ఇంటి మగపిల్లలు వాటికిందే పడుకుంటున్నారు.

మంగుళూరు పెంకు ఒక్కొక్కటి రెండు కిలోలకు పైనే తూగుతుంది. వందల పెంకులు మోసే కర్ర పుచ్చిపోతుంటే దానికి తెల్లని తెర కట్టడం, పుండుకు పైన పట్టుబట్ట చుట్టినట్టే. మన కంటికి వికారంగా కనబడేది పొగ. మనకు హాని చేసేది పొగ కాదు.

ఆ కుటుంబం సీలింగ్ మానుకున్నది. వడ్రంగిని పిలిచి పుచ్చిన వాసాలు మార్పించారు. పెంకులన్నీ దించి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే లోపలి ఎరుపు బయటపడింది. పగిలినవాటికి బదులు, పక్క ఊరిలో కూల్చిన ఇంటి పెంకులు తెచ్చారు. నడవ చీకటిగా ఉంటే రెండు అద్దపు పెంకులు వేశారు. చెక్కకు చెదల మందు కొట్టి, ఆరిన తర్వాత నూనె పట్టించారు. చేసిన అప్పు లేదు. పిల్లను చూడవచ్చినవారు కప్పు సంగతి ఎత్తలేదు. కట్నం సంగతి ఎత్తారు. దానిని గురించి వేరే వ్రాయాలి.

సీలింగ్ అసలే వద్దని నేననను. మే నెలలో పెంకుకూ సీలింగుకూ మధ్య ఉన్న గాలి వేడిని కొంత ఆపుతుంది. దుమ్ము, తేళ్లు మంచం మీద పడవు. వెనుకటివారు ఇందుకే గదికి చాందినీ గుడ్డ కట్టేవారు. మంగుళూరు ఫ్యాక్టరీలు పై పెంకు కింద పరచడానికి పలచని సీలింగ్ పెంకులు కూడా చేశాయి. వెదురు చాపలు చౌకగా వస్తాయి, చూపుకూ బాగుంటాయి. ఏది వేసినా మనిషి తలపెట్టి చూసేందుకు ఒక తలుపు ఉంచాలి, వేడిగాలి పోవడానికి రెండు చివర్లా జాలీ ఉంచాలి. థర్మాకోల్ మాత్రం వద్దు. నిప్పు తగిలితే త్వరగా అంటుకుంటుంది, దాని పొగ ప్రాణం తీస్తుంది. పెంకులు తీసేసి ఆస్బెస్టాస్ రేకులు వేసేవారున్నారు. ఆ రేకులను కోసినా, రంధ్రం పెట్టినా లేచే పొడి పీల్చితే ఊపిరితిత్తుల కేన్సరు రావచ్చు.

జిప్సం సీలింగ్ తడికి ఓర్చదు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం వైపునుండి వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో మీకు జ్ఞాపకమే. జారిన ఒక్క పెంకు సందులోనుండి కారే నీటిని సీలింగ్ దాచిపెడుతుంది. మరక కనబడేసరికి కర్ర నానిపోయి ఉంటుంది. కొండ కింది ఊళ్లలో పెంకులు జరపడానికి వాన అక్కరలేదు, కోతులు చాలు. చూరు వరుసల పెంకులను తీగతో కట్టిస్తే మంచిది.

చంద్రగిరి వెళ్లినవారు రాజమహల్‌లో తలెత్తి చూడండి. రాయి, ఇటుక, సున్నంతో, కర్ర లేకుండా కట్టిన మేడ. అక్కడ చెదలకు పనిలేదు. మన ఇళ్లకు ఆ భాగ్యం లేదు గాని వేరొక మేలు ఉంది. పెంకుల కప్పును విప్పవచ్చు, మళ్లీ కప్పవచ్చు. పక్షవాయువుగల వానిని దించినవారు పెంకులు విప్పారని లూకా వ్రాసినప్పుడు మా పల్లెవారికి వివరణ అక్కరలేదు. కాంక్రీటు మిద్దెల్లో పుట్టిన పిల్లలకే చెప్పవలసి వస్తోంది.

కప్పు దించే పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. పెంకులు సరిగా నేయగల పనివారు ఊరికి ఒకరిద్దరే ఉన్నారు, వారు కూడా పెద్దవయసువారు. ఈ వేసవికే మాట్లాడి పెట్టుకోండి. వారి వెంట ఒక కుర్రవాణ్ణి కూడా కప్పు ఎక్కించండి.