మధ్యాహ్నపు గాలిని ఎవరు కొలుస్తారు?

టెక్సాస్ వేసవిలో వాతావరణశాఖ బెలూన్లు మామూలుగా రోజుకి రెండుసార్లే ఎగురుతాయి. పొద్దున్న ఆరేడు మధ్య ఒకటి, సాయంత్రం ఆరేడు మధ్య ఒకటి. ప్రపంచమంతా గ్రీనిచ్ గడియారాన్నే పాటిస్తుంది మరి. ఇంజను లేని మా గ్లైడర్లు ఎగిరేది సరిగ్గా ఆ రెండిటి నడుమ, నేల కాగి వేడిగాలి బుడగలు బుడగలుగా లేచే వేళ. మాకు కావలసిన గాలిని ఆ వేళ కొలిచే బెలూనే ఉండదు. జాక్ గ్లెండెనింగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త, తనూ గ్లైడర్ పైలటే, మొదలుపెట్టిన రాస్ప్ అంచనాలున్నాయి గానీ, అవీ కంప్యూటర్ లెక్కలే.

లెక్క చిన్నదే. నేలమీద ఉష్ణోగ్రత 34 డిగ్రీలు. గాలిని ఎంతకి చల్లబరిస్తే ఆవిరి నీరవుతుందో ఆ డ్యూ పాయింట్ 18 అనుకుందాం. తేడా 16. డిగ్రీకి 125 మీటర్ల చొప్పున మబ్బు అడుగు 2000 మీటర్ల దగ్గర. డ్యూ పాయింట్ రెండున్నర డిగ్రీలు పెరిగిందా, ఆ అడుగు 300 మీటర్లు కిందికి జారుతుంది. మా ఏఎస్‌కే 21 గాలి నిలకడగా ఉంటే ఒక మీటరు దిగేలోపు 34 మీటర్లు పోతుంది. అంటే 300 మీటర్లు పోతే పది కిలోమీటర్లు పోయినట్టే. రన్‌వే మీద దిగుతామా, ఎవరి పత్తిచేలోనో దిగుతామా అన్నది అక్కడే తేలిపోతుంది. పత్తి మనకెంత తెలిసిన పంటైనా, పైనుంచి చూస్తే చాళ్ళ లోతు తెలీదు.

అందుకే ముక్కు దగ్గర గాలి వచ్చే గొట్టంలో గోరంత సెన్సర్ పెట్టాను. ఎండ తగలకూడదు, గాలి మాత్రం ఆగకుండా తగలాలి. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో దానికి దాదాపు 0.4 డిగ్రీ దొంగవేడి చేరుతుంది, అది తీసేయాలి. తేమ కొలిచే భాగానికి ఇంకా బద్ధకం. పైకెళ్తున్నా కింది గాలినే చెప్తుంటుంది.

అన్నిటికన్నా ఇబ్బంది వేరే ఉంది. గ్లైడర్ పైకెక్కేదే థర్మల్‌లో. అది మామూలుగా చుట్టుపక్కల గాలికన్నా వేడిది, తేమైనది. నేను కొలుస్తున్నది ఆకాశాన్నా, నన్ను మోస్తున్న బుడగనా? టో విమానం వెనక ఎక్కేటప్పటి రీడింగులూ, దిగేటప్పటివీ పక్కపక్కన పెడితే గానీ తేలదు.

మొన్న శనివారం అంచనా 2000 అంది. 1500 దాటేసరికే నెత్తిమీద మబ్బు అడుగు నల్లగా దగ్గరపడింది, ఎక్కడం ఆపేశాం. ముందు ఎదురుగాలి. "ముందుకా, ఇంటికా?" అన్నాడు వెనక సీట్లోంచి ఇన్‌స్ట్రక్టర్. తెర చూశాను. ఉష్ణోగ్రత అంచనాకి సరిపోయింది, డ్యూ పాయింట్ మాత్రం రెండు డిగ్రీల పైనే ఎక్కువ. కిందటి వారం వానతడి పొలాల్లో ఇంకా ఉన్నట్టుంది.

"ఇంటికే," అన్నాను.

దిగాక ఫైలుకి తేదీ వేసి దాచాను. ఈ వేసవి ఫైళ్ళలో అంచనా తప్పినప్పుడల్లా దాదాపు తేమ దగ్గరే తప్పింది.