తొంభై ఏడు గంటలు

2025 మే నెలలో ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకుని టీ తాగుతుండగా అమెరికాలోని టెక్సాస్ నుండి మా మేనకోడలు ఫోను చేసింది. సలాములు, కుశల ప్రశ్నలు అయిన తరువాత అసలు సంగతి చెప్పింది. "మామూజాన్, అబ్బాయి ఉర్దూ క్లాసు గురించి ఒక్క పేరా రాసి పంపండి. కాలేజీలకు పంపే కాగితాల్లో పెట్టాలి. పది వాక్యాలు చాలు." మేమిద్దరమూ ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాళ్ళము. పది వాక్యాలదేముంది, సాయంత్రానికి పంపిస్తామని మాట ఇచ్చాము. ఆ పది వాక్యాలు రాయడానికి ఏడు వారాలు పట్టింది.

మా మేనకోడలు తన కుమారుణ్ణి బడికి పంపక ఇంటి వద్దనే చదివిస్తోంది. అక్కడ దానిని హోం స్కూలింగ్ అంటారు. టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన తీర్పుతో అటువంటి ఇంటిబడికి ప్రైవేటు బడితో సమానమైన హోదా స్థిరపడింది. అంటే తల్లే ప్రధానోపాధ్యాయురాలు. మార్కుల పట్టిక ఆమే తయారు చేయాలి, దాని కింద సంతకమూ ఆమే చేయాలి. అయితే పట్టికలో "ఉర్దూ – 1 క్రెడిట్" అని రాసినంత మాత్రాన కాలేజీవారికి ఏమి తెలుస్తుంది? అందుచేత ఒక్కొక్క పాఠ్యాంశానికి ఒక్కొక్క వివరణ జతచేస్తారు. ఏ పుస్తకాలు చదివాడు, ఎన్ని గంటలు చదివాడు, ఎవరు బోధించారు, ఏ విధంగా పరీక్షించారు అన్నవి అందులో ఉంటాయి. ఒక క్రెడిట్ అంటే సుమారు 120 గంటల బోధన. 1906లో కార్నెగీ ఫౌండేషన్ నిర్ణయించిన ఆ కొలతనే అక్కడివారు నేటికీ పట్టుకుని ఉన్నారు.

మా తరగతి సంగతి కొంత చెప్పాలి. మా నివాసం జగ్గయ్యపేట. 2022 ఏప్రిల్ నుండి మాది ఎన్టీఆర్ జిల్లా అయినా, ఊరడిగితే మా నోట ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది. 2024 ఆగస్టులో ఆన్‌లైన్ తరగతి మొదలుపెట్టాము. మంగళవారం నుండి శుక్రవారం వరకు ఉదయం ఆరున్నరకు మేము కంప్యూటరు ముందు కూర్చుంటే, అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది. వారానికి నాలుగు గంటలు, ముప్పై వారాలు. లెక్క సరిగ్గా నూట ఇరవైకి వచ్చేలా వేసుకున్నాము. అబ్బాయికి ఇంట్లో మాట్లాడే ఉర్దూ వచ్చు, లిపి రాదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 'ఇబ్తిదాయీ ఉర్దూ'తో ప్రారంభించాము.

ఆ తరగతిలో మరొక విద్యార్థిని కూడా చేరింది. నందిగామలో మా దగ్గరి బంధువుల అమ్మాయి. తల్లి అనారోగ్యం వల్ల, తమ్ముళ్ళను చూసుకోవలసి రావడం వల్ల ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసింది. అప్పటికి పదహారేళ్ళది. తెలుగు మాధ్యమంలో చదివింది. ఖుర్ఆన్ పారాయణం వచ్చు కనుక అక్షరాలు గుర్తుపట్టగలదు, ఉర్దూ చదవడం మాత్రం రాదు. మేనకోడలిని అడిగితే, "దానికేమి మామూజాన్, అదే లింకు పంపండి" అన్నది. అమ్మాయి కెమెరా ఆపి, తల్లి మంచం పక్కన కూర్చుని వినేది. ప్రశ్న అడిగితే మాత్రం అబ్బాయికన్నా ముందు జవాబు వచ్చేది. ఒకనాడు అబ్బాయి, "నానా, 'నక్కో' అనడం తప్పా?" అని అడిగాడు. మేము సమాధానం వెతుక్కునే లోపల నందిగామ నుండి, "తప్పు కాదు, పుస్తకంలో లేదంతే" అని వినిపించింది. మన ఇళ్ళలోని దక్కనీ మాటకు, పుస్తకాల ఉర్దూకు గల తేడాను అంతకన్నా బాగా మేమైతే చెప్పలేకపోయేవాళ్ళము.

ఇక పేరా సంగతి. ఆ సాయంత్రం మేము రాసిన మొదటి ప్రతి చదివితే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "ఉర్దూ భాషా సాహిత్యాలు" అని శీర్షిక. గజల్ పరిచయం, గద్య వికాసం, ప్రేమ్‌చంద్ కథల అధ్యయనం, 120 గంటలు, గ్రేడు ఏ. ఒక్క మాటా పూర్తిగా అబద్ధం కాదు. గజల్ అంటే ఏమిటో ఒక రోజు పావుగంట చెప్పిన మాట నిజమే. ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' చదివిన మాటా నిజమే. అది ఒక్కటే కథ. 'కథల అధ్యయనం' కాదు. తోటి పిల్లలందరూ బొమ్మలు కొనుక్కుంటుంటే, రొట్టెలు కాల్చేటప్పుడు చేతులు కాలుతున్నాయని నానమ్మ కోసం పట్టకారు కొన్న హామిద్ దగ్గర అబ్బాయి ఆగిపోయి, చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని వివరణలో ఏ శీర్షిక కింద రాయాలో తెలియక కాబోలు, 'అధ్యయనం' అనే పెద్ద మాట వాడుకున్నాము.

పంపే ముందు హాజరు పట్టీ తీశాము. ఉద్యోగంలో పట్టుబడిన అలవాటు. జరిగిన ప్రతి తరగతికీ ఒక టిక్కు పెడతాము. కూడితే తొంభై ఏడు వచ్చింది. మళ్ళీ కూడినా తొంభై ఏడే. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు మున్నేరు, పాలేరు పొంగి హైదరాబాదు–విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయినప్పుడు మా వీధిలో కరెంటు లేక మూడు తరగతులు పోయాయి. మా ఇంట పెళ్ళి జరిగినప్పుడు ఆరు. రంజాన్ నెలలో వాళ్ళ ఇఫ్తారు, తరావీహ్ నమాజు వేళలు మా తరగతి వేళను మింగేశాయి, పద్నాలుగు. మొత్తం ఇరవై మూడు గంటలు లోటు.

ఆ సంగతి చెప్పగానే మేనకోడలు నవ్వేసింది. "మామూజాన్, ఎవరూ గంటలు లెక్కపెట్టరు. ఇంట్లో నాతో ఉర్దూ మాట్లాడటం లేదా? అవీ కలపండి." న్యాయంగానే తోచింది. కానీ తల్లితో అన్నం దగ్గర మాట్లాడిన మాటలను మేము బోధించిన గంటలుగా మా పేరు మీద ఎలా రాయగలము? పైగా ఇమ్లా, అంటే ఉక్తలేఖనంలో అబ్బాయికి నూటికి డెబ్బై ఒకటి వచ్చింది. దానికి ఏ ఎలా పెడతాము? "ఇప్పుడైతే బి పెట్టగలము" అన్నాము. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. "అందరూ ఏ పెడుతున్నప్పుడు మీరు బి పెడితే నష్టపోయేది నా బిడ్డే గదా" అన్నది. తరువాత నాలుగు రోజులు ఫోను రాలేదు. ఆమె మాటలో కేవలం స్వార్థం ఉందని మేము అనుకోలేదు. బడి పేరు లేని పిల్లవాడి కాగితాన్ని అనుమానంగా చూస్తారన్న భయం ఆమెది. ఆ భయం ఉన్నది కనుకనే ఆ కాగితం గట్టిగా నిలబడాలన్నది మా వాదన.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో మేమిద్దరమూ తర్జనభర్జన పడ్డాము. దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికన్నా దీర్ఘమైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది ఆరాధనల గురించి కాదు, అప్పు పత్రం గురించి. రాసేవాడు న్యాయంగా రాయాలని, రాయనని తప్పుకోకూడదని అందులో ఆదేశం ఉంది. మొదటి సగమే గుర్తుంచుకుని 'మేము రాయము' అనడం సులువు. రెండో సగం మమ్మల్ని వదల్లేదు. రాయాలి, న్యాయంగానూ రాయాలి. అటువంటప్పుడు మిగిలిన దారి ఒక్కటే, ఆ ఇరవై మూడు గంటలు పాఠం చెప్పడం.

అయిదో రోజున మేమే ఫోను చేసి ఆ మాట చెప్పాము. బక్రీదు తరువాత రోజుకు రెండు గంటల చొప్పున కూర్చున్నాము. అబ్బాయి మొదట విసుక్కున్నాడు. సెలవుల్లో ఏ పిల్లవాడైనా విసుక్కుంటాడు. పుస్తకం పక్కన పెట్టి ఉత్తరాలు రాయించాము. నందిగామలో మంచాన ఉన్న ఆ అమ్మాయి తల్లికి ఒక ఉత్తరం రాశాడు. అమ్మాయి దానిని తల్లికి చదివి వినిపించి, జవాబు తానే రాసింది. చివరి ఇమ్లాలో ఎనభై నాలుగు వచ్చింది.

తుది వివరణలో శీర్షిక "ఉర్దూ – మొదటి స్థాయి". ఇంట్లో మాటగా ఉన్న భాషను చదవడం, రాయడం నేర్పే కోర్సు. ఆన్‌లైన్‌లో ప్రత్యక్ష బోధన, 120 గంటలు. 'ఇబ్తిదాయీ ఉర్దూ' మొదటి మూడు భాగాలు, 'ఈద్‌గాహ్' కథ. దక్కనీకి, గ్రాంథిక ఉర్దూకు భేదాలు. పదకొండు ఉత్తరాలు. బిగ్గరగా చదవడం, ఇమ్లా, సంభాషణ, ఉత్తర రచన – నాలుగింటికీ సమానంగా మార్కులు. గ్రేడు బి ప్లస్. బోధించినవారు బంధువులు, విశ్రాంత ఉపాధ్యాయులు. బంధుత్వం రాయనక్కరలేదని మేనకోడలు అన్నది, రాశాము. పది వాక్యాలకు ఒకటి ఎక్కువైంది.

అదే జూలైలో నందిగామ అమ్మాయిని జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్.ఐ.ఓ.ఎస్., పదో తరగతిలో చేర్పించే పని పెట్టుకున్నాము. తెలుగు మాధ్యమంలోనే చదవవచ్చు. ఉత్తీర్ణతకు అయిదు సబ్జెక్టులు కావాలి. అన్నీ ఒకేసారి రాయనక్కరలేదు, అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలుంటాయి. ఇంటి బరువు మోసే ఆడపిల్లకు ఈ వెసులుబాటు చాలా పెద్దది. ఎనిమిదో తరగతి పాసైన సర్టిఫికెట్ లేనివారు, ఈ కోర్సు చదవడానికి తగినంత చదువు తమకు ఉన్నదని స్వయంగా రాసి సంతకం చేసి ఇవ్వవచ్చు.

ఆ ఒక్క వాక్యం దగ్గర అమ్మాయి కలం పట్టుకుని ఆగిపోయింది. "నానా, నేను ఎనిమిది పూర్తి చేయలేదు కదా. చదివానని రాస్తే అబద్ధం కాదా?"

టెక్సాస్ అబ్బాయికి పదకొండు వాక్యాలు రాయడానికి ఏడు వారాలు తీసుకున్న మాకు, ఈమె కోసం ఎవరూ ఏమీ రాయలేదన్న సంగతి అప్పటిదాకా తోచలేదు. జగ్గయ్యపేట నుండి సంచిలో తెచ్చుకున్న హాజరు పట్టీ తీసి ముందు పెట్టాము. రంజాన్‌లో అమెరికా తరగతి ఆగినప్పుడు ఆమె ఆగలేదు. జుహర్ తరువాత ఫోనులో పాఠం చెప్పించుకున్నది. ఆ పద్నాలుగూ కలిపి, వేసవి తరగతులు మొదలయ్యే నాటికే ఆమె పేరు ఎదుట నూట పదకొండు టిక్కులున్నాయి. "లెక్కపెట్టు" అన్నాము.

వేలితో ఒక్కొక్కటి తాకుతూ మొత్తం లెక్కపెట్టింది. లోపల తల్లి పిలిస్తే వెళ్ళి నీళ్ళిచ్చి వచ్చి, ఆపిన చోటు మరచిపోయి మళ్ళీ మొదటి నుండి లెక్కపెట్టింది. తరువాత తెల్లకాగితం మీద ఆ వాక్యం తెలుగులో రాసి సంతకం చేసింది. దాని కింద, ఫారంలో ఎవరూ అడగకపోయినా, తన పేరు ఉర్దూలో కూడా రాసుకున్నది. కాగితాన్ని అలాగే ఫోటో తీసి పంపించాము.